చెట్టెక్కిన మొసలి

అనగనగా ఒక అడవి. మామూలు అడవి కాదు పిల్లలూ, ఆ అడవి కాళ్ళు ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట, సగం ఉప్పునీళ్ళు, సగం మంచినీళ్ళు, మిగతాదంతా బురద. ఆ బురదలో మడచెట్లు మోకాళ్ళ లోతున నిలబడి ఉంటాయి. సముద్రం రోజుకి రెండుసార్లు పోటెత్తి అడవిలోకి వస్తుంది. రెండుసార్లు వెనక్కి పోతుంది.

ఆ అడవిలో గరుకయ్య అనే ఉడుము ఉండేవాడు. తోకతో కలిపి మూడు మూరల పొడుగు. వాడి పెళ్ళాం పేరు మచ్చమ్మ. ఇద్దరూ పాయ ఒడ్డున ఒక బొరియలో కాపురం ఉండేవాళ్ళు. పోటు తగ్గగానే బురదలోకి దిగి పీతలు పట్టుకు తినేవాళ్ళు. పోటు రాగానే చెట్టెక్కి ఎండ కాచుకునేవాళ్ళు. ఉడుముకి వాసన నాలుకతో తెలుస్తుంది. చీలిన నాలుకని అలా బయటికి చాపి, ఇలా లోపలికి లాక్కుంటే చాలు, ఏ పీత ఎక్కడుందో, ఏ పాము ఎటు పోయిందో గరుకయ్యకి తెలిసిపోయేది.

చలికాలం వస్తే ఆ అడవిని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్ళు. వాళ్ళని మరపడవలో ఎక్కించుకుని పాయంతా తిప్పే సరంగు పేరు నూకరాజు. నూకరాజు చాలా మంచివాడు. కాకపోతే రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి, చూపు కాస్త మందం. రెండు, ఎవరేం అడిగినా లేదనలేడు.

"నూకరాజూ, ఇక్కడ పులి ఉందా?" అని అడిగితే, "ఆయ్, ఇప్పుడేనండి, అటు వెళ్ళిందండి" అనేవాడు. గూడబాతుని చూపించి హంస అనేవాడు. నీటికుక్క తల పైకెత్తితే, "అదిగోనండి, డాల్ఫిన్ పిల్ల" అనేవాడు.

ఒకరోజు పడవలో ఒకాయన విసుక్కున్నాడు. "ఇంత దూరం వచ్చాం. ఒక్క మొసలైనా లేదేమిటయ్యా?"

నూకరాజు మనసు చివుక్కుమంది. అటు చూశాడు, ఇటు చూశాడు. బురదలో గరుకయ్య తోక కనబడింది.

"ఎందుకు లేదండీ! అదిగోనండి మొసలి!"

పడవలో ఇరవైమంది ఒక్కసారి లేచారు. "మొసలి! మొసలి!" అని అరిచారు.

ఆ మాట వినగానే గరుకయ్య గుండె ఆగినంత పనైంది. "అమ్మో, మొసలా! ఎక్కడ?" అని వెనక్కి కూడా చూడకుండా పరిగెత్తి, దొరికిన చెట్టెక్కేశాడు. పడవ వెళ్ళిపోయింది. కింద నీళ్ళలో నీలమ్మ అనే నీటికుక్క పగలబడి నవ్వుతోంది. నవ్వీ నవ్వీ నోట్లో చేప జారిపోయింది.

"ఏమిటే నవ్వు? మొసలి పోయిందా?" అని అడిగాడు గరుకయ్య.

"పోలేదు బాబాయ్. చెట్టు మీద ఉంది. మొసలి నువ్వే."

గరుకయ్య ఆ రోజు సాయంత్రం బొరియలో మచ్చమ్మ పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"ఏమే, నన్ను ఇవాళ మొసలి అన్నారు."

"ఎవరు?"

"ఇరవైమంది."

"నూరుమంది అన్నా నువ్వు ఉడుమువే కదయ్యా. ఇదిగో, ఈ పీత తిను."

"అది కాదే. వాళ్ళు చదువుకున్నవాళ్ళలా ఉన్నారు. కళ్ళద్దాలు కూడా ఉన్నాయి. అంతమంది ఒకే మాట అన్నారంటే ఏదో ఉండే ఉంటుంది."

"నీలమ్మని డాల్ఫిన్ అన్నాడుగా ఆ సరంగు. అది సముద్రానికి వెళ్ళిపోయిందా? చేప తిని పడుకుంది. నువ్వూ తిని పడుకో."

గరుకయ్య తినలేదు. పడుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు. కాదనాలంటే ఇరవైమందికి ఎదురు చెప్పాలి. ఒప్పుకోవాలంటే ఊరికే ఒడ్డున పడుకుంటే చాలు. తెల్లవారేసరికి గరుకయ్య ఒప్పేసుకున్నాడు.

మర్నాడు పడవ వచ్చే వేళకి అదే చోట, అదే బురదలో, అదే తోక పెట్టుకుని పడుకున్నాడు. ఈసారి నోరు కూడా తెరిచాడు. "మొసలి! నోరు తెరిచింది చూడండి!" అని జనం మురిసిపోయారు. ఫొటోలు తీసుకున్నారు. మూడో రోజుకి రెండు పడవలు వచ్చాయి. వారం తిరిగేసరికి చుట్టుపక్కల రేవులన్నిటిలో ఇదే కబురు. ఫలానా పాయలో మొసలి ఉంది, చెప్పిన టైముకి వస్తుంది, నోరు తెరుస్తుంది అని.

మొసలి అయ్యాక గరుకయ్యకి పనులు పెరిగాయి. కట్టుబాట్లు పెట్టుకున్నాడు.

మొదటిది, నాలుక బయటపెట్టకూడదు. మొసలి ఎక్కడన్నా నాలుక చాపుతుందా? దాంతో గరుకయ్యకి వాసనలు తెలియడం మానేశాయి. పక్కన ఏముందో, వెనక ఎవరొస్తున్నారో తెలిసేది కాదు. ఒకసారి కుళ్ళిన చేప మీద పూటంతా పడుకుని, "ఇవాళ గాలి బాగుంది" అన్నాడు.

రెండోది, చెట్టెక్కకూడదు. పోటు వచ్చినప్పుడు మచ్చమ్మ కొమ్మ మీద ఎండలో హాయిగా కూర్చునేది. గరుకయ్య కింద చలినీళ్ళలో వణుకుతూ, "మాకు ఇదే అలవాటు" అనేవాడు.

మూడోది, పీతలు తినకూడదు.

"మరేం తింటావయ్యా?" అని అడిగింది మచ్చమ్మ.

"మొసళ్ళు గేదెల్ని తింటాయి."

మచ్చమ్మ వాణ్ణి కింద నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందకి ఒకసారి చూసింది. పీత తాను తినేసింది.

గరుకయ్య గేదె కోసం మూడు రోజులు ఎదురు చూశాడు. నాలుగో రోజు నిజంగానే ఒక గేదె వచ్చింది. ఊరి నుంచి మేత వెతుక్కుంటూ వచ్చి, బురద కనబడితే అందులో కూలబడింది. గరుకయ్య పొట్ట ఈడ్చుకుంటూ దాని ముందుకొచ్చాడు.

"ఏయ్ గేదే! నేను మొసలిని. నిన్ను తినడానికి వచ్చాను."

గేదె నెమరు ఆపకుండా అడిగింది. "ఎక్కడి నుంచి మొదలెడతావు?"

గరుకయ్య ఆ సంగతి ఆలోచించలేదు. గేదె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. అదే ఒక ప్రయాణం. "వెనక నుంచి" అన్నాడు.

"సరే కానీయ్."

గరుకయ్య బలమంతా కూడదీసుకుని గేదె తోక మొదట్లో కరిచాడు. గేదె కళ్ళు మూసుకుంది. "ఆ... అక్కడే నాయనా. పిడుదులు ప్రాణం తీసేస్తున్నాయి. కొంచెం ఎడమ పక్కకి."

గరుకయ్య ఎడమ పక్క కరిచాడు. గేదె, "ఇంకొంచెం గట్టిగా" అంది. గరుకయ్య గట్టిగా కరిచాడు. సాయంత్రం దాకా కరిచాడు. నోట్లోకి పదకొండు పిడుదులు వచ్చాయి గానీ గేదె ఒక్క ముక్క కూడా రాలేదు. పొద్దు వాలుతుంటే గేదె లేచి దులుపుకుంది.

"చల్లగా ఉండు నాయనా. మా అక్కచెల్లెళ్ళకి కూడా చెప్తాను" అని ఇంటికెళ్ళిపోయింది.

గరుకయ్య చిక్కిపోయాడు. ఒళ్ళు ముడతలు పడింది. అయినా ముడతలు ఉంటే మరీ మొసలిలా ఉంటానని సంతోషించాడు.

ఇంతలో ఇంకో సంగతి జరిగింది. దాన్ని గరుకయ్య పట్టించుకోలేదు గానీ నీలమ్మ పట్టించుకుంది. మొదట్లో పడవలో జనం మొసలి పేరు వినగానే చేతులు ఒళ్ళో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాళ్ళు. రోజులు గడిచేకొద్దీ, "మొసలంటే ఇంతేనా! మా ఇంట్లో చీపురుకట్ట ఇంతకన్నా పొడుగు" అనుకున్నారు. మరమరాలు విసిరారు. గ్లాసులు పాయలో ముంచి కడుక్కున్నారు. అంచు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడించారు.

నీలమ్మ వచ్చి చెప్పింది. "బాబాయ్, నిన్ను చూసి జనానికి మొసలంటే భయం పోయింది. ఈ నీళ్ళు సముద్రంతో కలిసినవి. రేపు నిజం మొసలి వస్తే ఎవరి కాలో పోతుంది. నువ్వు ఉడుమువని ఒక్కసారి చెట్టెక్కి చూపించు. చాలు."

గరుకయ్య నోరు తెరిచే ఉంచి, పళ్ళ సందుల్లోంచి అన్నాడు. "నేనుండగా ఇంకో మొసలి ఎందుకొస్తుంది?"

కానీ అందుకే వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే పెద్ద పోటు వచ్చింది. దాంతో పాటు సముద్రంలోంచి కరాళమ్మ అనే మొసలి పాయలోకి వచ్చింది. నిజం మొసలి. మన వీధరుగు అంత పొడుగు. దాని వాసన తగలగానే నీలమ్మ పిల్లల్ని నోట కరుచుకుని పారిపోయింది. గూడబాతులు లేచిపోయాయి. పీతలు కన్నాల్లో దూరి మట్టితో తలుపులు వేసుకున్నాయి. మచ్చమ్మ చెట్టు చివరికెక్కేసింది. అడవంతా నిశ్శబ్దం.

గరుకయ్య నాలుక లోపలే ఉంది కదా, వాడికేమీ తెలియలేదు. "ఇవాళ అందరూ నాకు ఎంత మర్యాద ఇస్తున్నారు!" అనుకున్నాడు.

వాడి పక్కన నీళ్ళు మెల్లగా విడిపోయాయి. ఒక పెద్ద తల పైకి లేచింది.

"నమస్కారం. ఈ పాయలో మనవాడు ఒకడున్నాడని పడవల మీద చెప్పుకుంటుంటే విని, చూసిపోదామని వచ్చాను. నువ్వేనా బాబూ?"

గరుకయ్య తల తిప్పి చూశాడు. తెరిచిన నోరు మూసుకోలేదు. మూసుకోవడం మర్చిపోయాడు.

"మీ ఇంటిపేరేమిటి?" అని అడిగింది కరాళమ్మ.

"బ... బురదవారండి."

"ఎప్పుడూ వినలేదే. ఉప్పునీటి వాళ్ళా, మంచినీటి వాళ్ళా?"

"మధ్యలో వాళ్ళమండి."

"చిక్కిపోయినట్టున్నావు. గేదెలు దొరకడం లేదా?"

"ఒకటి వచ్చిందండి. వెళ్ళిపోయిందండి."

కరాళమ్మ చాలాసేపు వాణ్ణి తేరిపార చూసింది. తర్వాత చాలా మర్యాదగా అంది. "చూడు బాబూ. ఈ పాయ నాకు నచ్చింది. మన కులంలో పద్ధతి నీకు తెలుసుగా. ఒక పాయలో ఇద్దరు మొసళ్ళు ఉండకూడదు. కాబట్టి నువ్వు మొసలివైతే మనం ఇప్పుడు కొట్లాడాలి. కాకపోతే నిన్ను తినాలి. ఏదో ఒకటి తొందరగా చెప్పు. పోటు తీసేస్తుంది."

గరుకయ్య ఆలోచించాడు. మొసలినంటే చావు. ఉడుమునంటే చావు. ఇన్నాళ్ళూ పేరు మార్చుకుంటే బాగుపడ్డాననుకున్నాడు. ఇప్పుడు ఏ పేరు చెప్పినా అదే నోరు ఎదురుగా ఉంది.

చెట్టు మీద నుంచి మచ్చమ్మ గొంతు చించుకుంది. "ఏం ఆలోచిస్తున్నావయ్యా! ఎక్కు!"

"మొసళ్ళు చెట్లు..." అని మొదలెట్టాడు గరుకయ్య.

"మొసళ్ళు ఎక్కవు కాబట్టే ఎక్కమంటున్నాను!"

సరిగ్గా అప్పుడే పాయ మలుపులో డుగుడుగుమని పడవ చప్పుడైంది. నూకరాజు ముప్పైమందితో వస్తున్నాడు. గరుకయ్యకి ప్రాణం ఒకవైపు లాగింది, పరువు ఒకవైపు లాగింది. కరాళమ్మ నోరు తెరిచింది. అందులో పళ్ళు చూడగానే పరువు చెయ్యి వదిలేసింది. గరుకయ్య ఒక్క దూకులో చెట్టు పట్టుకుని జరజరా పైకి పాకేశాడు. కరాళమ్మ నోరు ఖాళీగా మూసుకుంది. అది తొందరపడలేదు. నీళ్ళ మీద తేలుతూ కళ్ళు సగం మూసుకుని, చెట్టు కిందే ఆగింది.

ముప్పైమందీ చూశారు. "అదేమిటి నూకరాజూ, మొసలి చెట్టెక్కేసింది?"

నూకరాజు తలపాగా సర్దుకున్నాడు. "ఆయ్, ఇది చెట్టెక్కే రకమండి. ఇక్కడ తప్ప ఎక్కడా ఉండదండి."

జనం చప్పట్లు కొట్టారు. గరుకయ్యకి కొమ్మ మీద కళ్ళనీళ్ళు తిరిగాయి. చెట్టెక్కినా మొసలే అంటున్నారు!

"మరి ఆ కింద తేలుతున్నదేమిటి?" అని ఎవరో అడిగారు.

"అదాండి? దుంగండి. వరదకి కొట్టుకొచ్చింది."

పడవ దుంగ పక్కకే వచ్చి ఆగింది, చెట్టెక్కిన మొసలిని బాగా చూపించడానికి. పడవ అంచున విమలాంబ గారని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అప్పుడే పులిహోర తినడం అయింది. స్టీలు గిన్నె పక్కన పెట్టి, చేయి కడుక్కుందామని పాయలోకి వంగింది. చేయి నీళ్ళలో ముంచి తీరిగ్గా ఆడిస్తోంది.

దుంగ మెల్లగా పడవ వైపు జరిగింది.

గరుకయ్యకి పై నుంచి అంతా కనబడుతోంది. "అమ్మా, చేయి తియ్యండి!" అని అరిచాడు. ఉడుము అరుపు మనుషులకి బుస్సుమని వినబడుతుంది. విమలాంబ గారు తలెత్తి చూసి నవ్వింది. "పాపం, మొసలికి జలుబు చేసినట్టుంది" అంది. చేయి మాత్రం తీయలేదు.

"ఇన్నాళ్ళూ నేను నోరు తెరిచి పడుకోబట్టే కదా ఈవిడ భయం లేకుండా చేయి పెట్టింది!" అనుకున్నాడు గరుకయ్య. మచ్చమ్మ వైపు చూశాడు. "ఏమే, నేను దూకుతున్నాను" అన్నాడు.

"ఎక్కడికి?" అంది మచ్చమ్మ. ఆ మాట పూర్తయ్యేసరికి గరుకయ్య కొమ్మ మీద లేడు.

సరిగ్గా విమలాంబ గారి ఒళ్ళో పడ్డాడు.

పిల్లలూ, ఆ కేక సముద్రం అవతలికి వినబడి ఉంటుంది. విమలాంబ గారు చేయి లాక్కుని వెనక్కి పడిపోయింది. ముప్పైమందీ పడవ నడుమకి గెంతారు. స్టీలు గిన్నె ఎగిరి నీళ్ళలో పడింది. అదే క్షణంలో దుంగ రెండుగా విడిపోయి, లోపలంతా పళ్ళుగా పైకి లేచి, చేయి ఉండాల్సిన చోట గిన్నెని కరకరా నమిలేసింది.

ఎవ్వరూ మాట్లాడలేదు. నూకరాజు కూడా. పుట్టి బుద్ధెరిగాక అతను అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదటిసారి.

కరాళమ్మ నలిగిన గిన్నెని ఉమ్మేసింది. "పులుపు ఎక్కువైంది" అంది. తర్వాత పడవనీ చెట్టునీ అసహ్యంగా చూసింది. "ఈ పాయలో పద్ధతీ పాడూ లేదు. మొసలినన్నవాడు చెట్టెక్కుతాడు. ఎక్కినవాడు జనం ఒళ్ళో పడతాడు. ఇలాంటి చోట నేనుండలేను" అని, తీస్తున్న పోటుతో పాటే సముద్రంలోకి వెళ్ళిపోయింది.

పడవలో ఒకాయనకి అప్పుడు ధైర్యం వచ్చింది. తెడ్డు తీసి గరుకయ్య తోక మీద ఒక్కటిచ్చాడు. రెండో దెబ్బకి తెడ్డు ఎత్తేసరికి విమలాంబ గారు అడ్డంపడింది.

"ఆగవయ్యా! ఇది నా మీద పడబట్టి నా చేయి మిగిలింది. కొడతావేం?"

నూకరాజు వచ్చి వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. "ఉడుమండి ఇది" అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ మీరు మొసలని చూపిస్తున్నదో?" అని అడిగింది విమలాంబ గారు.

నూకరాజు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇదేనండి. నేను చూడకుండానే మొసలన్నానండి. మీరు ఆనందపడ్డారని ఊరుకున్నానండి. ఇంకో చిటికె ఆలస్యమైతే మీ చేయి పోయేదండి. తప్పు నాదేనండి."

గరుకయ్యని రెండు చేతులతో ఎత్తి ఒడ్డున దించాడు. ఆ రోజు నుంచి నూకరాజు పడవ కదలకముందే చెప్పేవాడు. "మొసలి మీకు కనబడదండి. కనబడలేదని లేదనుకోకండి. చేతులు లోపల పెట్టుకోండి. ఒడ్డున కనబడేది ఉడుమండి, దానికి మరమరాలు వేయకండి." జనానికి మొదట్లో కాస్త నిరాశగా ఉండేది. అయినా చేతులు లోపలే పెట్టుకునేవాళ్ళు.

ఆ రోజు గరుకయ్య కుంటుకుంటూ బొరియకి చేరాడు. మచ్చమ్మ వాడి తోకకి చల్లటి బురద పట్టు వేసింది.

"ఏమన్నారు?" అని అడిగింది.

"ఉడుము అన్నారు."

"ఎంతమంది?"

"అందరూ."

"బాధేసిందా?"

గరుకయ్య తోక చూసుకున్నాడు. "తెడ్డు దెబ్బ అంత కాదు" అన్నాడు.

మచ్చమ్మ వాడి ముందు ఒక పీత పెట్టింది. తినేశాడు. ఇంకోటి పెట్టింది, అదీ తినేశాడు. అలా ఏడు పీతలు తిని, ఎనిమిదో దాని మీద చేయి వేశాడు.

"అది నాది" అంది మచ్చమ్మ.

నీతి: మనది కాని పేరుని మెప్పు కోసం ఒప్పుకుంటే, ముప్పు మనకి మాత్రమే కాదు, మనల్ని నమ్మినవాళ్ళకి కూడా.